ఎక్సెల్, వర్డ్, ట్యాలీ: మీరు నిజంగా రోజూ వాడే షార్ట్‌కట్‌లు ఏవి?

టిక్కీలెక్క (గుంటూరు)

నమస్తే అండీ. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సీజన్‌లో కాటాలు అయ్యాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఒక్కో లాటుకు రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, క్వింటా రేటు ఎక్కించాలి. హమాలీ, కాటా ఖర్చు, కమీషన్, ముందు తీసుకున్న అడ్వాన్సు తీసేసి పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) ప్రింటు చేతిలో పెట్టాలి. రైతు ఎదురుగానే కూర్చుని ఉంటాడు, ఆయనకు ఊరికి బండి దొరకాలి. ఇదంతా ఎక్సెల్‌లో. రాత్రికి మళ్లీ ట్యాలీలో (ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్) కొట్టాలి.

వాట్సాప్‌లో వచ్చిన '200 షార్ట్‌కట్‌లు' పీడీఎఫ్‌ను మా ఓనరు ప్రింటు తీయించి గోడకు అంటించారు. దాని వంక ఎవరూ చూడరు. లిస్టులు వద్దండీ. మీ పనిలో మీరు రోజూ నొక్కేవి ఏవి, అవే ఎందుకు, అది చెప్పండి. మాది ఎక్సెల్ 2016, విండోస్ 10.

ఆర్టికల్‌క్లర్క్ (విజయవాడ, లబ్బీపేట)

ముందు ఆ కాగితం పీకేయండి బ్రో. మీ షీటుకు కావలసినవి పది పన్నెండుకు మించవు.

రైతు పేరు కొట్టాక ఎంటర్ కాదు, టాబ్ నొక్కండి. ఊరు, టాబ్. రకం, టాబ్. ఆఖరి కాలమ్ కొట్టాక ఎంటర్ నొక్కితే కర్సర్ కింది వరుసలో తిన్నగా పేరు కాలమ్‌లోకే వస్తుంది. ఇది తెలియక చాలామంది బాణం కీలతో వెనక్కి నడుచుకుంటూ వస్తారు. మధ్యలో మౌస్‌తో ఇంకో సెల్ నొక్కితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టామో ఎక్సెల్ మరిచిపోతుంది.

పై లాటు తేజ రకం మిర్చి, ఇదీ తేజే అనుకోండి, కంట్రోల్+డి. పై సెల్‌లో ఉన్నది దిగుతుంది. ఊరు కాలమ్‌లో ఆల్ట్+కింది బాణం నొక్కితే అప్పటిదాకా ఆ కాలమ్‌లో కొట్టిన ఊళ్లన్నీ జాబితాగా తెరుచుకుంటాయి. దీనితో వేగం కంటే ముఖ్యమైన లాభం ఇంకోటి ఉంది. ఒకసారి 'ఫిరంగిపురం', ఇంకోసారి 'ఫిరంగి పురం' అని పడితే నెలాఖరున ఊరివారీ లెక్క తీసేటప్పుడు రెండు ఊళ్లయి కూర్చుంటాయి. జాబితాలోంచి ఎంచుకుంటే ఆ గొడవ రాదు.

తేదీకి కంట్రోల్+సెమికోలన్. మొత్తానికి ఆల్ట్+ఈక్వల్. కింది వరకు వెళ్లాలంటే కంట్రోల్+కింది బాణం, సెలెక్టు చేస్తూ వెళ్లాలంటే దానికి షిఫ్ట్ కలపండి. మధ్యలో ఖాళీ సెల్ ఉంటే అక్కడే ఆగుతుంది. కాలమ్ కింద ఏమీ లేకపోతే తిన్నగా 10,48,576వ వరుసకు పోతుంది. భయపడకండి, కంట్రోల్+హోమ్ నొక్కితే పైకి వచ్చేస్తారు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. డేటాలో ఎక్కడో నిలబడి కంట్రోల్+టి నొక్కండి. షీటు 'టేబుల్' అవుతుంది. ఆ తర్వాత కొత్త వరుస కొట్టగానే కమీషన్, హమాలీ ఫార్ములాలు వాటంతట అవే దిగుతాయి. ఫార్ములాను రోజూ కిందికి లాగే పనే ఉండదు.

ఎలుకపక్షం (గుంటూరు, అరండల్‌పేట)

ప్రతి ఆరునెలలకూ ఈ టాపిక్ ఒకటి వస్తుంది, ప్రతిసారీ నేను ఒక్కడినే మౌస్ తరఫున వాదిస్తాను. సెల్ మూలన ఉండే చిన్న చతురస్రం మీద డబుల్ క్లిక్ కొడితే ఫార్ములా డేటా చివరిదాకా దిగుతుంది. ఫార్మాట్ పెయింటర్ మీద డబుల్ క్లిక్ కొట్టి ఎన్ని చోట్లయినా పూసుకుంటూ పోవచ్చు, ఎస్కేప్ కొట్టేదాకా వదలదు. మీరు ఏ మూడు కీలో గుర్తు తెచ్చుకునే లోపు నా పని అయిపోతుంది.

టిక్కీలెక్క

టాబ్, ఎంటర్ సంగతి ఇప్పుడే చూశాను, అదిరింది. ఇంకో రెండు సందేహాలు. కౌంటరు మీది కంప్యూటర్‌లో అప్పుడప్పుడు బాణం కీ నొక్కితే సెల్ మారదు, షీటంతా జరిగిపోతుంది. ఓనరుగారి ల్యాప్‌టాప్‌లోనేమో ఎఫ్2 కొడితే సెల్ ఎడిట్ అవ్వదు, వెలుతురు తగ్గుతుంది.

పటమట సిస్టమ్స్ (విజయవాడ)

మొదటిది స్క్రోల్ లాక్. ఎవరి మోచెయ్యో తగిలి ఆన్ అయి ఉంటుంది. ఎక్సెల్ కింద స్టేటస్ బార్‌లో రాసి ఉంటుంది చూడండి. ఆ కీ మళ్లీ ఒకసారి నొక్కితే సరి. కీబోర్డు మీద ఆ కీయే లేకపోతే విండోస్+కంట్రోల్+ఓ నొక్కండి, తెర మీద కీబోర్డు వస్తుంది, అందులో ఉంటుంది. దీనికోసం 'ఎక్సెల్ పాడైంది, మళ్లీ వేయండి' అని సీపీయూ మోసుకొచ్చేవాళ్లు ఉన్నారు.

రెండోది ఎఫ్‌ఎన్ కీ. ల్యాప్‌టాప్‌లలో పై వరుసను వెలుతురుకీ, శబ్దానికీ కేటాయిస్తారు. ఎఫ్‌ఎన్ పట్టుకుని ఎఫ్2 నొక్కాలి. చాలా మోడళ్లలో ఎఫ్‌ఎన్+ఎస్కేప్ నొక్కితే ఎఫ్ కీలు మామూలుగా మారిపోతాయి. మారకపోతే బయోస్‌లో (విండోస్ మొదలయ్యేలోపు తెరిచే సెట్టింగుల తెర) ఆ సెట్టింగు ఉంటుంది. ట్యాలీ కొట్టేవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ కొనగానే చేసుకోవాల్సిన మొదటి పని ఇదే, ట్యాలీ నడిచేదంతా ఎఫ్ కీల మీదే.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

బాబూ, నేను చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి. లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల్ని పంపిన తర్వాత అప్పటి సాఫ్ట్‌వేర్‌లు వర్డ్‌స్టార్, లోటస్ కూడా నేర్పాం. అప్పట్లో మౌసే లేదు కనుక ఈ వాదనా లేదు.

ఒక తమాషా చెబుతాను. ఎక్సెల్ తెరిచి స్లాష్ కీ ఒక్కటి నొక్కి చూడండి. ఆల్ట్ నొక్కినట్టే పైన మెనూల మీద అక్షరాలు వెలుగుతాయి. ఎక్సెల్ లాంటిదే, 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో మెనూ తెరిచే కీ అది. లోటస్ వాడేవాళ్లను తనవైపు తిప్పుకోవడానికి ఎక్సెల్ దాన్ని పెట్టుకుంది, ఇప్పటికీ తీసేయలేదు.

మీరు అడిగిన 'అవే ఎందుకు' అనే ప్రశ్నకు నా జవాబు చేతి వేళ్లలో ఉంది. జడ్, ఎక్స్, సి, వి నాలుగూ కింది వరుసలో ఎడమచేతి కింద పక్కపక్కనే ఉంటాయి. కట్, కాపీ, పేస్ట్ పద్ధతిని 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ల్యారీ టెస్లర్, ఆయన సహచరులు తయారుచేశారు. తర్వాత టెస్లర్ యాపిల్‌కు వెళ్లి 1983లో వచ్చిన లీసా కంప్యూటర్‌లోనూ పనిచేశారు. ఈ నాలుగు కీలు అక్కడినుంచి స్థిరపడ్డాయి. ఆయన 2020 ఫిబ్రవరిలో పోయారు. ఎడమచెయ్యి కాపీ, పేస్ట్ చేస్తుంటే కుడిచెయ్యి మౌస్ మీద ఉండొచ్చు. కాబట్టి ఎలుకపక్షం గారూ, మీకూ వాటా ఉంది.

కానీ కీబోర్డు వంక చూస్తూ రెండువేళ్లతో కొట్టేవారికి ఏ షార్ట్‌కట్టూ పెద్దగా అక్కరకు రాదు. ఎనిమిది వేళ్లూ మధ్య వరుస మీద నిలబడడం ముందు రావాలి.

ఎలుకపక్షం

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ యాపిల్‌లోనే ఇంటర్‌ఫేస్ పని చూసిన బ్రూస్ టోగ్నాజిని అనే ఆయన 1989లోనే రాశాడు. కీబోర్డు వాడేవాళ్లకు తాము వేగంగా ఉన్నామనిపిస్తుందట, గడియారం పెట్టి చూస్తే మౌసే ముందుంటుందట. ఏ కీలు నొక్కాలో ఆలోచించుకునే క్షణం మనకు లెక్కలోకి రాదు, అదీ ఆయన పాయింటు.

ఆర్టికల్‌క్లర్క్

ఆలోచించుకోవాల్సి వస్తే ఆయన చెప్పింది నిజమే అన్నా. నెలకోసారి వాడే కమాండుకు నేను కూడా మౌసే పట్టుకుంటాను, దానికి షార్ట్‌కట్ బట్టీ పట్టడం దండగ. కంట్రోల్+సి నొక్కేటప్పుడు మాత్రం ఎవరూ ఆలోచించరు కదా. ఒక లాటు ఎక్కించేటప్పుడు రెండు చేతులూ కీల మీదే ఉంటాయి. మధ్యలో తేదీ కోసం మౌస్ దగ్గరికి పోయి, తిరిగొచ్చి, వేళ్లు మళ్లీ సర్దుకోవాలి. ఖర్చు అక్కడ. అందుకే కొట్టే పనిలో మధ్యలో వచ్చేవాటికే నేర్చుకోమంటాను. చార్టు రంగు మార్చడానికి మౌసే హాయి.

ఆల్ట్ గురించి మాస్టారు అన్నది ఇక్కడ పనికొస్తుంది. ఆల్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే రిబ్బన్ (పైనుండే బటన్ల వరుస) మీద ప్రతి ట్యాబ్‌కూ ఒక అక్షరం కనిపిస్తుంది. బట్టీ అక్కర్లేదు, తెర మీద చూసి నొక్కడమే. హెడ్డింగు వరుస కదలకుండా ఫ్రీజ్ చేయడానికి దాని కింది వరుస మొదటి సెల్‌లో నిలబడి ఆల్ట్, డబ్ల్యూ, ఎఫ్, ఎఫ్. కొన్నిసార్లు చేస్తే వేళ్లకే వచ్చేస్తుంది.

పేజ్‌మేకర్ (విజయవాడ, గవర్నర్‌పేట)

డీటీపీ (అచ్చుకు పేజీలు కంప్యూటర్‌లో తయారుచేసే పని) వాళ్ల తరఫున ఒక హెచ్చరిక. వర్డ్‌లో షిఫ్ట్+ఎఫ్3 అని గొప్పగా చెబుతారు, ఇంగ్లీషు చిన్న అక్షరాలను పెద్దవిగా, పెద్దవాటిని చిన్నవిగా మారుస్తుంది. యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు) మీద నొక్కితే ఏమీ కాదు, మనకు చిన్న బడి పెద్ద బడి లేదు కాబట్టి. అను ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్ మీద నొక్కారా, అంతా కలగాపులగం. ఎందుకంటే అక్కడ కంటికి కనిపించేదే తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కోడే. 'ఎ' చిన్నదానికి ఒక తెలుగు ముక్క, పెద్దదానికి ఇంకో ముక్క ఉంటాయి. పెళ్లికార్డు మ్యాటర్ తెచ్చినవాళ్లు 'మా వర్డ్ ఫైల్లో అక్షరాలు మారిపోయాయండీ' అంటే నేను ముందు అనుమానించేది దీన్నే. రెండో అనుమానం ఆటోకరెక్ట్ మీద. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే టిక్ తీసేయాలి.

అలాగే కంట్రోల్+స్పేస్. వర్డ్‌లో సెలెక్టు చేసిన మ్యాటర్‌కు మనం పెట్టిన ఫార్మాటింగ్ ఊడగొడుతుంది. యూనికోడ్‌కు బంగారంలాంటి కీ. నెట్‌లోంచి తెచ్చి అతికించినప్పుడు రంగులూ సైజులూ ఒక్క దెబ్బకు పోతాయి. అను మ్యాటర్‌కైతే ఫాంటే ఊడి ఇంగ్లీషు చెత్త మిగులుతుంది. కంగారులో సేవ్ చేయకండి, కంట్రోల్+జడ్ కొట్టండి.

వార్డు ఉద్యోగి (విజయవాడ, వన్‌టౌన్)

మా దగ్గర ఎక్కువగా ఉత్తరాలు, నోటీసులు, జాబితాలు. యూనికోడ్‌లోనే కొడతాం, విండోస్‌తో వచ్చే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద. తెలుగు, ఇంగ్లీషు మధ్య మారడానికి విండోస్+స్పేస్. ఎడమ ఆల్ట్+షిఫ్ట్ నొక్కినా మారుతుంది. కొత్తవాళ్లు 'ఇంగ్లీషు కొడుతుంటే ఉన్నట్టుండి తెలుగు పడుతోంది' అని గాభరాపడేది అందుకే, తెలియకుండా ఆ రెండూ కలిపి నొక్కేస్తారు.

ఇన్‌స్క్రిప్ట్‌లో నాకు నచ్చేది ఒకటి చెప్పనివ్వండి. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. హిందీ, కన్నడం, మలయాళం అన్నిటికీ అదే అమరిక. క ఉన్న కీ మీదే షిఫ్ట్‌తో ఖ. మాస్టారు చెప్పినట్టు కొన్నాళ్లు చూడకుండా కొడితే వచ్చేస్తుంది. ఫోన్‌లో అలవాటైన ఇంగ్లీషు అక్షరాల పద్ధతి కంటే పొడుగు ఉత్తరాలకు ఇదే సుఖం.

విండోస్+వి గురించి ఎవరూ చెప్పలేదేం? 2018 అక్టోబరు అప్‌డేట్‌తో విండోస్ 10లోకి వచ్చింది. మొదటిసారి నొక్కినప్పుడు ఆన్ చేయమంటుంది. ఆ తర్వాత కాపీ చేసినవి 25 దాకా గుర్తుంచుకుంటుంది. పేరు, చిరునామా, ఫోను వరసగా కాపీ చేసుకుని ఇంకో ఫారంలో ఒక్కోటీ అతికించుకోవచ్చు. అటూ ఇటూ తిరగక్కర్లేదు.

పటమట సిస్టమ్స్

దానికో జాగ్రత్త. జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు కాపీ చేస్తారు కదా, అవీ ఆ జాబితాలోనే కూర్చుంటాయి. పిన్ చేయనివి రీస్టార్ట్ చేస్తే పోతాయి. కానీ మన ఆఫీసుల్లో కంప్యూటర్ రీస్టార్ట్ చేసేదెవరు! ఆ బాక్సులోనే 'క్లియర్ ఆల్' ఉంటుంది, సాయంత్రం ఒకసారి నొక్కండి. సీటు వదిలి టీకి వెళ్లేటప్పుడు విండోస్+ఎల్. నన్నడిగితే ఆఫీసులో అందరికీ తప్పనిసరి చేయాల్సిన షార్ట్‌కట్ అదొక్కటే. వేగానికి సంబంధం లేదనుకోండి.

రోజువారీ వోచర్ (గుంటూరు, కొత్తపేట)

టిక్కీలెక్క తమ్ముడూ, ట్యాలీ సంగతి నేను చెబుతాను. ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఇవి ట్యాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9లోనూ, తర్వాత వచ్చిన ప్రైమ్‌లోనూ అవే. తేదీ మార్చడానికి ఎఫ్2. వోచర్ మధ్యలో కొత్త రైతు పేరు వస్తే బయటికి రావద్దు, లెడ్జర్ అడిగే చోటే ఆల్ట్+సి కొట్టి ఖాతా తెరిచేయండి. నేరేషన్‌లో (వోచర్ కింద వివరం రాసే చోటు) కంట్రోల్+ఆర్ కొడితే పోయిన వోచర్ నేరేషన్ వచ్చేస్తుంది. ఒకేలాంటి వోచర్లు చాలా ఉంటే డేబుక్‌లో (ఆ రోజు వోచర్ల జాబితా) ఒకదాని మీద నిలబడి ఆల్ట్+2, దానికి నకలు తయారవుతుంది. ప్రైమ్‌లో ఎక్కడున్నా ఆల్ట్+జి కొట్టి రిపోర్టు పేరు కొడితే అక్కడికి తీసుకెళ్తుంది. గేట్‌వే (ట్యాలీ మొదటి మెనూ) దాకా ఎస్కేప్ కొట్టుకుంటూ రావడం మానేయండి.

అన్నీ నింపాక కంట్రోల్+ఎ, వోచర్ సేవ్. ఇక్కడే చిక్కు. రాత్రంతా ట్యాలీ కొట్టిన చెయ్యి పొద్దున వర్డ్‌లో ఉత్తరం పూర్తిచేసి అలవాటుగా కంట్రోల్+ఎ కొడుతుంది. అక్కడ దాని అర్థం మొత్తం సెలెక్టు చేయమని. ఆ తర్వాత ఏ అక్షరం తగిలినా ఉత్తరం మొత్తం మాయం, ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. మా దగ్గర చేరే ప్రతి కొత్త కుర్రాడికీ కంట్రోల్+ఎ కంటే ముందు కంట్రోల్+జడ్ నేర్పిస్తాం.

ఇంకో మాట. పగలు ఎక్సెల్, రాత్రి ట్యాలీ అని రెండుసార్లు కొడుతున్నామన్నారు. మీది ట్యాలీ ప్రైమ్ 4.0 గానీ, ఆ తర్వాతది గానీ అయితే ఎక్సెల్ షీటునే ఇంపోర్ట్ చేసుకోవచ్చు. ఏ కాలమ్ దేనికో ఒకసారి జత చేసి పెట్టుకోవాలి. అది కుదిరితే రాత్రి పనికి షార్ట్‌కట్‌లే అక్కర్లేదు.

పేజ్‌మేకర్

వోచర్ గారు చెప్పిన రోగమే మాకూ ఉంది. కంట్రోల్+డి ఒక్కటే చూడండి. ఎక్సెల్‌లో పైది కిందికి దింపుతుంది. వర్డ్‌లో ఫాంట్ బాక్సు. పేజ్‌మేకర్‌లో బొమ్మ తెచ్చి పెట్టడం. కోరల్‌డ్రాలో నకలు తీయడం. ఫొటోషాప్‌లో సెలెక్షన్ వదిలేయడం. క్రోమ్‌లో బుక్‌మార్క్. ఒక పెళ్లికార్డు పూర్తయ్యేసరికి వీటిలో నాలుగు తెరిచి ఉంటాయి. అందుకే మా షాపులో పిల్లలకు నేను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో నెల ఇస్తాను, అన్నీ ఒకేసారి నేర్పితే వేళ్లు తికమక పడతాయి.

చెవితో చదువుతా (విజయవాడ, సత్యనారాయణపురం)

ఇక్కడ అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు. నాకు చూపు లేదు. ఒక ఆఫీసులో క్లర్కుగా పనిచేస్తున్నాను. మౌస్ బాణం ఎక్కడుందో నాకు కనిపించదు కనుక మీరు షార్ట్‌కట్ అంటున్నది నాకు ఉన్న ఒకే దారి. తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వాడతాను, తెలుగు కూడా చదువుతుంది.

మీకు ఉపయోగపడేవి రెండు చెబుతాను. కుడి క్లిక్ మెనూ కోసం మౌస్ అక్కర్లేదు, షిఫ్ట్+ఎఫ్10 నొక్కితే చాలు. వర్డ్‌లో ఫైలు తెరవగానే షిఫ్ట్+ఎఫ్5 నొక్కండి, పోయినసారి ఎక్కడ ఆపారో అక్కడికి వెళ్తుంది. నలభై పేజీల ఫైల్లో చోటు వెతుక్కునే బాధ కళ్లున్నవాళ్లకూ ఉంటుంది కదా.

ఇక నా కోరిక. ఎక్సెల్‌లో హెడ్డింగు వరుస మీద ఎన్‌వీడీఏ కీ+షిఫ్ట్+సి నొక్కితే, ఆ తర్వాత నేను ఏ కాలమ్‌లోకి వెళ్లినా 'తూకం', 'రేటు' అని ముందు హెడ్డింగు చెప్పి తర్వాత అంకె చదువుతుంది. కానీ మీరు పైన మూడు వరుసలు కలిపేసి కొట్టు పేరు పెద్దగా రాసి, హెడ్డింగులను రెండంతస్తులుగా మెర్జ్ చేస్తే ఏది దేనికి హెడ్డింగో తేలదు. అంకెలు మాత్రమే వినిపిస్తాయి. అందానికి సెల్స్ మెర్జ్ చేయడం దయచేసి తగ్గించండి.

టిక్కీలెక్క

అక్కా, మీరు చూసి చెప్పినట్టే ఉంది, మా షీటులో సరిగ్గా పైన మూడు వరుసలు మెర్జే. మరి ప్రింటులో కొట్టు పేరు రావాలి కదా?

చెవితో చదువుతా

పేజ్ సెటప్‌లో హెడర్ ఉంది తమ్ముడూ, పేరు అందులో పెట్టండి. ప్రింటులో వస్తుంది, షీటులో అడ్డం రాదు. ఒకవేళ మధ్యలో కనిపించాలనుకుంటే మెర్జ్ బదులు కంట్రోల్+1 నొక్కి, అలైన్‌మెంట్‌లో 'సెంటర్ అక్రాస్ సెలెక్షన్' ఎంచుకోండి. చూడడానికి మెర్జ్‌లాగే ఉంటుందట, సెల్స్ మాత్రం విడిగానే ఉంటాయి.

ఆర్టికల్‌క్లర్క్

ఈ ఒక్క సలహాకే ఈ టాపిక్ పిన్ చేయాలి. మెర్జ్ ఉంటే సార్టింగు కూడా మొరాయిస్తుంది. ఎక్సెల్‌లో కంట్రోల్+స్పేస్‌తో ఒక కాలమ్ సెలెక్టు చేయబోతే పక్క కాలమ్‌లు కూడా వచ్చి పడతాయి. టేబుల్ చేయబోయినా మెర్జ్ విడగొట్టేస్తుంది.

ఎలుకపక్షం

సరే, నా దగ్గర కూడా ఒక కీబోర్డు కీ ఉంది, ఒప్పుకుంటాను. ఫిల్టర్ పెట్టి ఒక ఊరి రైతులను మాత్రమే కాపీ చేయాలంటే ముందు ఆల్ట్+సెమికోలన్ నొక్కాలి. లేకపోతే దాగి ఉన్న వరుసలు కూడా వచ్చేస్తాయి.

ఆర్టికల్‌క్లర్క్

అక్కడ చిన్న తేడా ఉంది అన్నా. కంట్రోల్+షిఫ్ట్+ఎల్‌తో ఫిల్టర్ పెట్టినప్పుడు కాపీలో కనిపించే వరుసలే వస్తాయి. ఆల్ట్+సెమికోలన్ కావలసింది చేత్తో దాచిన వరుసలకు, గ్రూపు చేసి మూసినవాటికి.

ఫిల్టర్‌లో అసలు ప్రమాదం పేస్ట్ దగ్గర. బయట కాపీ చేసిన పది అంకెలను ఫిల్టర్ వేసిన కాలమ్‌లో పేస్ట్ చేస్తే, కనిపించే పది సెల్స్‌లో కాదు, దాగిన వరుసల్లో కూడా వరసగా పడిపోతాయి. తెర మీద మూడో నాలుగో కనిపిస్తాయి, మిగిలినవి ఎవరి ఖాతాల మీద పడ్డాయో ఫిల్టర్ తీసేదాకా తెలియదు. పట్టీల షీటులో ఇది జరిగితే ఒకరి అడ్వాన్సు ఇంకొకరికి ఎక్కుతుంది. కనిపించే వరుసలన్నిటికీ ఒకే విలువ పెట్టాలంటే వాటిని సెలెక్టు చేసి, ఆల్ట్+సెమికోలన్ నొక్కి, విలువ కొట్టి, కంట్రోల్+ఎంటర్. వేరువేరు విలువలైతే ఫిల్టర్ తీసి సార్ట్ చేసుకుని పేస్ట్ చేయండి.

వార్డు ఉద్యోగి

ఒక సందేహం. మా జాబితాలో ఇంటిపేరు, పేరు ఒకే సెల్‌లో ఉన్నాయి, రెండు కాలమ్‌లు చేయాలి. కంట్రోల్+ఇ అంటున్నారు, నమ్మొచ్చా?

ఆర్టికల్‌క్లర్క్

ఫ్లాష్ ఫిల్ అది, ఎక్సెల్ 2013 నుంచి ఉంది. పక్క కాలమ్‌లో మొదటి వరుసకు ఇంటిపేరు మీరు కొట్టి, కింది సెల్‌లో కంట్రోల్+ఇ నొక్కితే మిగిలినవి అదే ఊహించి నింపుతుంది. ఊహ అన్నది గుర్తుంచుకోండి. మన పేర్లలో కొందరికి ఇంటిపేరు పూర్తిగా, కొందరికి ఒక్క అక్షరం, కొందరికి చివర్లో ఉంటుంది. నమూనా కలిసిన చోట బాగా చేస్తుంది, కలవని చోట నిశ్శబ్దంగా తప్పు నింపుతుంది. నింపాక ఒకసారి కళ్లతో చూడండి. పైగా అది ఫార్ములా కాదు, అసలు పేరు తర్వాత మార్చినా ఇది మారదు.

బ్రాడీపేట మాస్టారు

లక్షల కామాల గురించి ఎవరూ చెప్పలేదు. కంట్రోల్+షిఫ్ట్+1 నొక్కితే అంకెకు కామాలు, రెండు దశాంశాలు వస్తాయి. 12,34,567 అని కాకుండా 1,234,567 అని వస్తుంటే తప్పు ఎక్సెల్‌ది కాదు. విండోస్ రీజియన్‌లో ఇంగ్లీష్ ఇండియా పెట్టుకోవాలి. కంట్రోల్+సెమికోలన్ కొట్టినప్పుడు రోజు ముందు, నెల తర్వాత పడాలన్నా అదే సెట్టింగు.

టిక్కీలెక్క

టేబుల్ చేశాం, కొట్టు పేరు హెడర్‌లోకి పంపించాం. రీజియన్ కూడా మార్చాను, కామాలు సరిగ్గా పడుతున్నాయి. గోడమీది కాగితం తీసి పది కీలు మార్కరుతో రాసి పెట్టాను. ఓనరుగారు 'మిగతా 190 ఏవి' అని అడిగారు.

ఒకటే మిగిలింది. పట్టీ పంపేటప్పుడు ఫార్ములాలు కాకుండా అంకెలు మాత్రమే పేస్ట్ చేయాలి. కంట్రోల్+షిఫ్ట్+వి అని యూట్యూబ్‌లో చూశాను, మా దాంట్లో పనిచేయడం లేదు.

ఆర్టికల్‌క్లర్క్

అది కొత్త మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్‌లో వచ్చింది, 2016లో లేదు. మీరు ఆల్ట్, ఇ, ఎస్, వి ఒకదాని తర్వాత ఒకటి నొక్కి ఎంటర్ కొట్టండి. 2003 నాటి మెనూ దారి, ఇప్పటికీ నడుస్తుంది. లేదా కంట్రోల్+ఆల్ట్+వి, ఆ తర్వాత వి, ఎంటర్. అన్నట్టు ఆఫీస్ 2016కీ, విండోస్ 10కీ మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తోనే ఆగిపోయింది. సీజన్ అయ్యాక ఓనరుగారితో ఆ మాట కదపండి, అప్పటిదాకా షీట్లు పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీసి పెట్టుకోండి.